‘నాకేం రాదులే మా’ అంటున్నాడు

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. మిరపకాయలు కోసేదానికి నేనూ మా ఆయనా గుంటూరు వైపు సుగ్గికి పోతాం. ఈసారి ఐదో తరగతి చదివే కొడుకును మా బావగారింట్లో వదిలిపోయినాం. తిరిగొచ్చేసరికి వాడు మారిపోయినాడు. ఒక్క లెక్క తప్పితే పేజీ మొత్తం చించేస్తాడు. ఏమడిగినా ‘నాకేం రాదులే మా’ అంటాడు. బావగారు బెల్టుతో కొట్టేవాడని, అన్నం పెట్టిన ప్రతిసారీ ‘తిండికి దండగ’ అనేవాడని ఇప్పుడు తెలిసింది. మా ఆయనేమో ‘మేం తినలేదా దెబ్బలు? అదే సర్దుకుంటుంది’ అంటాడు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, దానంతటదే సర్దుకోదు. వాతలు మానిపోతాయి. ‘దండగ’ అన్న మాటను మాత్రం వాడు నమ్మేశాడు. లెక్క తప్పితే గీత కొట్టేసి మళ్లీ వేసుకోవచ్చని వాడికి తోచడం లేదు, తానే తప్పనుకుంటున్నాడు. అందుకే ఆ పేజీ ఎవరి కంటా పడకూడదని చించేస్తున్నాడు.

ఎనిమిదేళ్లు దాటాక పిల్లలు తోటివాళ్లతో పోల్చుకుని, తామెలాంటివాళ్లమో ఒక అభిప్రాయానికి వస్తుంటారు. సరిగ్గా ఆ వయసులో ఇంటి పెద్ద కొడితే, తప్పు ఆయనదేనని అనుకునే ధైర్యం వాళ్లకు ఉండదు. మీరు ఊళ్లో లేరు, అన్నం పెట్టేది ఆయనే. ‘నేను చెడ్డోణ్ణి, అందుకే కొడుతున్నాడు’ అనుకోవడమే వాడికి మిగిలిన దారి. మీరు వదిలిపోయింది కూడా అందుకేనని అనుకుని ఉండొచ్చు.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ మన రాష్ట్రంతో సహా 13 రాష్ట్రాల్లో చేయించిన అధ్యయనం 2007లో వెలువడింది. ముగ్గురు పిల్లల్లో ఇద్దరు దెబ్బలు తింటున్నారని అందులో తేలింది. అంతమంది తింటున్నారు కాబట్టి మంచిదే అనగలమా? మీ ఆయన్ను ఇదే అడగండి.

ముందు ఆయన నోటితోనే కొడుక్కి చెప్పించండి: ‘పెదనాయన చేసింది తప్పు. నీ తప్పేం లేదురా. పని కోసం పోయినాం, నువ్వు బరువై కాదు.’ ఒకసారికి నమ్మడు. మళ్లీ మళ్లీ చెప్పాలి. పేజీ చించబోతే కోప్పడకుండా పక్కన కూర్చోండి. తప్పు మీద ఒక గీత కొట్టించి, దాని కిందే మళ్లీ వేయించండి. ఊరికే ‘తెలివైనోడివి’ అంటే వాడి చెవికెక్కదు, ‘ఈ కూడిక నువ్వే సరిచేసుకున్నావు’ అంటే ఎక్కుతుంది. దెబ్బలు కాక ఇంకేమైనా జరిగిందా అని గుచ్చి గుచ్చి అడగొద్దు. వాడే చెబితే మాత్రం మధ్యలో ఆపకుండా వినండి. టీచరుకూ విషయం చాటుగా చెప్పి ఉంచండి.

బావగారితో మీ ఆయనే మాట్లాడాలి. పిల్లవాణ్ణి ఎదురుగా నిలబెట్టి పంచాయితీ చేయొద్దు, రాజీ పేరుతో ఆ ఇంటికి తీసుకుపోవద్దు. తన దగ్గరున్న పిల్లల్ని ఇలా హింసించడం 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద నేరం. ఆయన బెదిరించినా, పిల్లవాడి జోలికొచ్చినా పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి.

వచ్చే సుగ్గికి వాణ్ణి అక్కడ వదలకండి. వలసపోయే కుటుంబాల పిల్లలకు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడి పథకం కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. మీ దగ్గర ఉందేమో బయల్దేరక ముందే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి. ఈలోగా నిద్రలో ఉలిక్కిపడుతున్నా, తిండి మానేసినా, చచ్చిపోతానన్నా రేపు చూద్దామనుకోవద్దు. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం వెంటనే పోలేకపోతే మానసిక సమస్యల ప్రభుత్వ సహాయవాణి 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ పడవు.