మెరియా దొర ఎవరు?

ప్రశ్న: అన్నయ్యా, మాది బరంపురం, డిగ్రీ సెకండియర్. మెరియా నరబలులు ఆపించిన దొర ఎలాంటి మనిషో రెండు పేజీల్లో రాయమన్నారు మా మాస్టారు. ఒకళ్ళు కాంప్‌బెల్ అంటున్నారు, ఇంకొకళ్ళు మ్యాక్‌ఫర్సన్ అంటున్నారు. ఎవరి గురించి రాయను?
- ఓ పాఠకురాలు

జవాబు: చెల్లెమ్మా, ఇద్దరూ మద్రాసు సైన్యం ఆఫీసర్లే, ఇద్దరూ ఆ పనే చేశారు, ఒకళ్ళంటే ఒకళ్ళకి మాత్రం అస్సలు పడదు. నన్నడిగితే శామ్యూల్ చార్టర్స్ మ్యాక్‌ఫర్సన్‌ని పట్టుకో.

1806లో స్కాట్లాండ్‌లో పుట్టాడు, వాళ్ళ నాన్న గ్రీకు ప్రొఫెసరు, ఈయన కేంబ్రిడ్జిలో కూడా చదివి చివరికి మనవైపు సర్వే పనిలో తేలాడు. 1835లో మన గంజాంవైపు ఘుమ్‌సర్ రాజు కప్పం బాకీపడి కొండలెక్కేశాడు, వెనకాలే కంపెనీ సైన్యం ఎక్కింది, కొండమీద ఉండే కోందు తెగవాళ్ళ నరబలి సంగతి దొరలకి వివరంగా తెలిసింది అప్పుడే. మన భంజనగర్‌కి రస్సెల్‌కొండ అన్న పేరు కూడా ఆ గొడవలో వచ్చిన కమిషనర్ రస్సెల్‌దే, మా నాన్న చివరిదాకా రస్సెల్‌కొండ బస్సనే అనేవారు.

బలికి మనుషుల్ని డబ్బిచ్చి కొనేవాళ్ళు, మెరియా అంటే ఆ బలిచ్చే మనిషే, అందులో మైదానం ఊళ్ళనుంచి ఎత్తుకొచ్చిన పిల్లలు కూడా ఉండేవాళ్ళు. నేలతల్లికి రక్తం పడకపోతే పసుపుకి ఆ ముదురెరుపు రాదని నమ్మకం. ఇప్పుడు జీఐ ట్యాగ్ వచ్చిన కందమాల్ పసుపే, మీ వంటింట్లోనూ ఉండుంటుంది, ఓ చెంచాడు అరచేతిలో పోసుకుని చూసి అప్పుడు మొదలుపెట్టు రాయడం.

కాంప్‌బెల్ ఏం చేసేవాడంటే కోందు పెద్దల చేత ఒట్టు వేయించేవాడు. పులితోలు మీద కూర్చుని చేతిలో కాస్త మట్టి, బియ్యం, నీళ్ళు పట్టుకుని, మాట తప్పితే నేల పండకూడదు, మెతుకు గొంతుకి అడ్డం పడాలి, నీళ్ళు ముంచెయ్యాలి, పులి మమ్మల్నీ పిల్లల్నీ తినెయ్యాలి అని చెప్పాలన్నమాట. వెనకాల తుపాకులు ఎలాగూ ఉంటాయి. మ్యాక్‌ఫర్సన్ అలా కాదు, కూర్చుని వాళ్ళ దేవుళ్ళ గురించి అడిగి అడిగి రాసుకున్నాడు, కోందులందరూ బలిచ్చేవాళ్ళు కాదని, వాళ్ళ వెలుగు దేవుడు బూరా పెన్నుని కొలిచేవాళ్ళకి అదంటే అసహ్యమని గమనించాడు. ఇక తెగకీ తెగకీ మధ్య తగువులు తీర్చే పెద్దమనిషి లేడు కదా, మీ తగువులు నేను తీరుస్తా మీరు బలి మానండి అన్నాడు. నాకు నచ్చింది ఈ బేరమే.

అలాగని దేవుణ్ణి చేసెయ్యకు. 1845లో మెరియా ఏజెన్సీ పెట్టి ఈయన్నే ఏజెంటుని చేశారు, మరుసటేడే కొండలు తిరగబడ్డాయి, సైన్యం ఊళ్ళకి ఊళ్ళు తగలబెట్టింది. ఆ గుడిసెలవాళ్ళకి ఏ దొరైనా ఒకటే. ఆ తిరుగుబాటు నడిపిన చక్రా బిసోయి పేరు రాకుండా నీ వ్యాసం పూర్తవదు, ఆయన్ని దొరలు చివరిదాకా పట్టుకోలేకపోయారు. 1847లో మ్యాక్‌ఫర్సన్‌ని తీసేశారు, ఎంక్వయిరీలో తప్పు లేదని తేలింది గానీ కుర్చీ అప్పటికే కాంప్‌బెల్‌కి వెళ్ళిపోయింది.

1857 తిరుగుబాటప్పుడు గ్వాలియర్‌లో పొలిటికల్ ఏజెంటు, 1860లో పోయాడు, దానికి ఒక్క లైను చాలు. కాంప్‌బెల్ తన పుస్తకం 1864లో వేశాడు, అంటే తిరిగి జవాబు చెప్పడానికి అవతలి మనిషి బతికి లేడు. మ్యాక్‌ఫర్సన్ కాగితాలు 1865లో వచ్చాయి. ముందు ఇదే చదువు, కాకపోతే వేయించింది సొంత తోడబుట్టినవాడు, చదివేటప్పుడు అది గుర్తుపెట్టుకో.