ఉద్యోగం మానేస్తానంటే నా భార్య ఏడుస్తోంది

ప్రశ్న: ఐదేళ్ళ క్రితం ఉద్యోగ వీసా మీద భార్యతో కలిసి విదేశం వచ్చాను. పాప ఇక్కడే పుట్టింది. మొదట్లో ఏమీ తోచక కెమెరా కొన్నాను. ఇప్పుడు తెలిసినవాళ్ళ పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ నన్నే పిలుస్తున్నారు, ఈ మధ్య కొందరు డబ్బు కూడా ఇస్తున్నారు. ఆఫీసులో కూర్చుంటే ఊపిరాడడం లేదు. ఉద్యోగం మానేసి ఫోటోగ్రాఫర్‌గా స్థిరపడాలని ఉంది. ఆ మాటెత్తితే నా భార్య ఏడుస్తుంది. నాన్న ఫోన్లో సరిగ్గా మాట్లాడడం లేదు. వాళ్ళకి ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: నచ్చజెప్పడం సంగతి తర్వాత చూద్దాం. 'కొందరు డబ్బు కూడా ఇస్తున్నారు' అన్నచోట నాకు భయం వేసింది. చాలా దేశాల్లో ఉద్యోగ వీసా అంటే, ఉద్యోగం ఇచ్చిన సంస్థలో పనిచేయడానికి మాత్రమే అనుమతి. సెలవు రోజున తీసినా, ఇచ్చింది స్నేహితుడే అయినా, అది అనుమతి లేని సంపాదన కిందికి రావచ్చు. పన్ను కట్టేస్తే సరిపోతుందనుకోకండి, పన్ను వేరు, అనుమతి వేరు. మీ భార్యది మీ వీసా మీద ఆధారపడిన డిపెండెంట్ వీసా అయితే మీకొచ్చిన ఇబ్బంది ఆమెకూ వస్తుంది. ఆమె ఏడుస్తున్నది మీ ఫోటోలు నచ్చక కాకపోవచ్చు.

ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కలవండి, ఇద్దరూ కలిసి వెళ్ళండి. సొంతంగా పని చేసుకునే అనుమతి ఏ దారిలో వస్తుంది, ఎన్నాళ్ళు పడుతుంది, ఇప్పటిదాకా తీసుకున్న డబ్బు సంగతేంటి, అన్నీ దాచకుండా అడగండి. ఉచితంగా తీస్తే ఫర్వాలేదా అన్నదీ అక్కడే తేల్చుకోండి. అది తేలేదాకా ఎవరి దగ్గరా పైసా తీసుకోవద్దు.

ఇక కెమెరా సంగతి. కొత్త దేశంలో నలుగురిలోకి వెళ్తే ఎక్కడ నిలబడాలో, ఏం మాట్లాడాలో తెలియదు. కెమెరా ఉంటే ఆ ఇబ్బంది ఉండదు, అందరూ పేరుపెట్టి పిలుస్తారు. మీకు నచ్చుతున్నది ఆ ఆదరణా, ఫోటోలు తీయడమా? లేక ఆఫీసు నుంచి పారిపోవడమా? మూడూ కలిసే ఉండొచ్చు, తప్పేం లేదు. కానీ ఆఫీసు మీద విసుగైతే ఉద్యోగం మారినా తీరిపోతుంది.

వృత్తిగా పెట్టుకుంటే తీయడం అందులో కొంత భాగమే. బేరాలు, రాతపూర్వకమైన ఒప్పందం, అడ్వాన్స్, వేల ఫోటోల్లోంచి ఏరడం, ఎడిటింగ్, చెప్పిన తేదీకి ఇవ్వడం... మెమరీ కార్డు పాడైతే మళ్ళీ ఆ పెళ్ళి జరగదు కదా, అందుకే రెండు కార్డుల్లో ఒకేసారి రికార్డయ్యే కెమెరా, మర్నాటికల్లా ఇంకోచోట కాపీ. అనుమతి వచ్చాక కొన్నాళ్ళు అనుభవమున్న ఫోటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంటుగా చేయండి. మీరంటే అభిమానం లేని కస్టమర్ ఎలా ఉంటాడో అప్పుడు తెలుస్తుంది. ఇప్పుడు మెచ్చుకుంటున్నవాళ్ళంతా మీ స్నేహితులే!

ప్రసిద్ధ ఫోటోగ్రాఫర్ ఆల్‌ఫ్రెడ్ ఐజెన్‌స్టాట్ సంగతి చెప్పాలనిపిస్తోంది. బెర్లిన్‌లో బెల్టులూ బొత్తాలూ అమ్మే ఉద్యోగం చేస్తూనే ఫోటోలు తీసేవాడు. 1927లో మొదటి ఫోటో అమ్ముడైనా వెంటనే ఉద్యోగం వదిలేయలేదు. 1935లో అమెరికాకు వలస వెళ్ళేనాటికి చేతినిండా పనితనం ఉంది. మరుసటి ఏడాది లైఫ్ అనే ఫోటోల పత్రిక మొదలైనప్పుడు దాని తొలి ఫోటోగ్రాఫర్లలో ఒకడయ్యాడు.

మీ ఉత్తరంలో నాకు దొరకనిది ఒకటుంది. మీ భార్య ఏం చదివారు? అక్కడికి రాకముందు ఏం చేసేవారు? ఒక్క ముక్క లేదు. వారమంతా మీరు ఆఫీసులో, సెలవు రోజున ఎవరింటి ఫంక్షన్‌లోనో, రాత్రి కంప్యూటర్ ముందు. ఆమెకీ అది పరాయి దేశమే, పైగా చంటిపిల్ల. లాయర్‌ని కలిసొచ్చాక ఇద్దరూ లెక్కలు ముందేసుకు కూర్చోండి. ఆదాయం లేకుండా ఎన్ని నెలలు నడపగలరో, దాచుకున్న డబ్బు ఏ అంకెకి దిగితే ఆగిపోవాలో ఆమెనే చెప్పనివ్వండి. ఆమెకి పనిచేసే అనుమతి ముందొస్తే ఆమె ఉద్యోగం, మీ కెమెరా అన్న దారీ ఉంది. ఆమెకి ఇష్టమైతేనే.

నాన్నగారిది మొండితనం అనుకోకండి. కొడుకు ఉద్యోగం పోయిందని నలుగురికీ చెప్పుకోవలసి వస్తుందేమోనన్న బెంగ ఆయనది. ఉద్యోగం ఇప్పుడే మానడం లేదని ఈ వారమే ఫోన్ చేసి చెప్పండి, మిగతాది తర్వాత. వచ్చే సెలవు రోజున ఎవరైనా పిలిస్తే కుదరదనండి.