ఎండలో ఫ్లాష్ వాడకం గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

దిండి దగ్గర గోదావరి ఒడ్డున తీసిన పెళ్లిజంట ఫొటోలు చూశాను. ఫ్రేములు బాగున్నాయి. ఒక అంచున కనిపిస్తున్న నల్లని పట్టీకి ఫ్లాష్ చెడిపోవడం కారణం కాదు. సెన్సర్ (బొమ్మ పడే పలక) ముందు తెరుచుకుని మూసుకునే షట్టర్‌కు రెండు తెరలుంటాయి. సాధారణంగా 1/200 లేదా 1/250 సెకను వరకు మొదటి తెర పూర్తిగా తెరుచుకున్న తరువాతే రెండవది కదులుతుంది, అంతకు మించిన వేగంలో మాత్రం మొదటిది చివరికి చేరకముందే రెండవది బయలుదేరడంతో, సెన్సర్ మీదుగా సన్నని సందు ఒక్కటే జరుగుతూ పోతుంది. మామూలు ఫ్లాష్ ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది కనుక, ఆ క్షణంలో తెర వెనుక ఉన్న భాగానికి దాని వెలుగు అందదు. హై స్పీడ్ సింక్ అనే పద్ధతిలో మాత్రం ఫ్లాష్ ఆ సందు దాటేంతసేపూ ఎడతెగకుండా వేగంగా మెరుస్తూనే ఉంటుంది.

ఇందుకు కెమెరా, ట్రిగ్గర్ (దూరాన ఉన్న ఫ్లాష్‌ను వెలిగించే పరికరం), ఫ్లాష్ మూడూ ఒకదాని మాట ఒకటి తెలుసుకోవాలి. మధ్యలో ఒక్క పిన్ను మాత్రమే ఉన్న చవక ట్రిగ్గర్ ‘ఇప్పుడు వెలుగు’ అని చెప్పగలదే తప్ప, ఇంతకు మించి ఏమీ మోయలేదు. నీ కెమెరా కంపెనీకి సరిపడే ట్రిగ్గర్‌నే కొను. నికాన్ అయితే మెనూలో సింక్ వేగాన్ని (ఫ్లాష్‌తో వాడగల షట్టర్ వేగాన్ని) ఆటో ఎఫ్‌పీకి, అంటే ఆ కంపెనీ హై స్పీడ్ సింక్‌కు, మార్చాలి. కానన్‌కు సాధారణంగా ట్రిగ్గర్ మీదే హై స్పీడ్ సింక్ ఎంచుకోవాలి. కల్యాణ మండపంలో ఇద్దరు ముగ్గురు ఫొటోగ్రాఫర్లు ఉన్నప్పుడు ట్రిగ్గర్ ఛానెల్‌తోపాటు ఐడీ (గుర్తింపు సంఖ్య) కూడా మార్చుకో, లేకపోతే వారు నొక్కినప్పుడల్లా నీ ఫ్లాష్ వెలిగి బ్యాటరీ ఖాళీ అవుతుంది.

నీవు బాగా గుర్తుంచుకోవలసింది వెలుగు ఖర్చు. ఈ పద్ధతిలోకి మారగానే ఫ్లాష్ బలం సుమారు రెండు స్టాపులు, అంటే నాలుగో వంతుకు, పడిపోతుంది, ఆపైన షట్టర్ వేగం రెట్టింపైన ప్రతిసారీ మళ్లీ సగమవుతుంది. మామూలు ఫ్లాష్‌తో 1/250 లోపు షట్టర్ వేగం పెంచితే ఆకాశం ఒక్కటే ముదురుతుంది. ఇక్కడ ఆకాశమూ ముఖమూ కలిసే ముదురుతాయి. కాబట్టి రెంటి మధ్య తూకం మార్చాలంటే ఫ్లాష్ బలం పెంచాలి, లేదా ఫ్లాష్‌ను దగ్గరకు తేవాలి. దూరం సగం చేస్తే నాలుగు రెట్ల వెలుగు వస్తుంది. అందుకే ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే గొడుగును ఫ్రేము అంచుకు ఆనించినంత దగ్గరగా పెట్టమంటాను.

మిట్టమధ్యాహ్నం ఇసుక లంక మీద ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్ (లెన్స్ రంధ్రం కొలత) 2.8 వద్ద షట్టర్ దాదాపు 1/4000 సెకను దాకా పోతుంది. జంటను సూర్యుడికి వీపు పెట్టి నిలబెట్టు, కళ్లు చికిలించరు. ముందు ఫ్లాష్ ఆపేసి, నీటి మీది మెరుపూ మబ్బుల అంచులూ నిలిచేలా ఎక్స్‌పోజర్ కుదుర్చుకో; ఆ తరువాతే ఫ్లాష్ వెలిగించి ముఖాలకు సరిపడేంత బలం ఇవ్వు. చిన్న ఫ్లాష్ ఒక్కటి చాలకపోతే రెండింటిని ఒకే గ్రూపులో పెట్టి వాడు. అదీ చాలకపోతే లెన్స్‌కు నాలుగు స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగును తగ్గించే నల్లద్దం) బిగించి, 1/250 వద్దే తీయి. కదలిక లేని జంట ఫొటోకు నేను ఫిల్టర్‌నే ఇష్టపడతాను, ఫ్లాష్ పూర్తి బలంతో మెరుస్తుంది. కాలువలోకి దూకే పిల్లల నీటితుంపరలు ఆగి కనబడాలంటే మాత్రం హై స్పీడ్ సింకే కావాలి.

సాయంత్రం సముద్రపు గాలి లేస్తే గొడుగు తెరచాపలా స్టాండును లాక్కుపోతుంది. ఖాళీ గోనెసంచి వెంట తీసుకువెళ్లి, అక్కడి ఇసుకే నింపి స్టాండు కాళ్ల మీద వేయి. వరుసగా నొక్కితే ఫ్లాష్ తల వేడెక్కి తనంతట తానే ఆగుతుంది, మధ్యమధ్యలో వ్యవధి ఇవ్వు.

వచ్చే ముహూర్తాలకు ముందు పెరటి గోడ దగ్గర ఎవరినైనా నిలబెట్టి, 1/250, 1/1000, 1/4000 వద్ద ఫ్లాష్‌ను ఎంత దూరంలో, ఎంత బలంతో పెడితే ముఖం సరిగ్గా వచ్చిందో పుస్తకంలో రాసుకో. ఆ ఫొటోలు నాకూ పంపు.

మీ మావయ్య