చెంచుల జన్యువులు, మీ అమ్మాయి డిగ్రీ

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీ పూర్తి చేసింది. చెంచుల జన్యు వైవిధ్యం మీద ఏదో వ్యాసం చదివి, నీట్ లాంగ్‌టర్మ్ వద్దు, ఫోరెన్సిక్ చదువుతానంటోంది. బీఎస్సీ ఫోరెన్సిక్ మంచిదా, జెనెటిక్స్ మంచిదా?
– ఒక తండ్రి, నంద్యాల

జవాబు: మీరు అడిగింది రెండు డిగ్రీల తేడా గానీ, మీ అసలు బెంగ డాక్టరు కాకపోతే పిల్ల ఏమైపోతుందోనన్నదే. ‘ఏదో వ్యాసం’ అని తీసిపారేసిన దానిలో ఏముందో ఆమెను ఒక్కసారైనా అడిగారా?

నేరస్థలంలో దొరికిన డీఎన్‌ఏ నిందితుడి డీఎన్‌ఏతో సరిపోయిందంటే చాలదు. అది మరొకరితోనూ సరిపోయే అవకాశం ఎంతో కోర్టుకు చెప్పాలి. డీఎన్‌ఏలో ఒకచోట కనిపించే రెండు రూపాలు జనంలో 10 శాతం చొప్పున ఉన్నాయనుకుంటే, ఆ జత 50 మందిలో ఒకరికి ఉంటుంది. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే చిన్న సమూహంలో అవే 30 శాతం చొప్పున ఉంటే, ఇంచుమించు ఆరుగురిలో ఒకరికి ఉంటుంది. పరీక్షించే 20 చోట్లా ఫలితం వస్తే ఈ తేడా పెద్దగా బాధించదు గానీ, పాడైపోయిన నమూనాలో నాలుగైదు చోట్లే వచ్చినప్పుడు, బయటి జనాభా లెక్కను నల్లమలలోని చెంచుల పెంటకు (గూడేనికి) వర్తింపజేస్తే అనుమానం అమాయకుడి మీద పడవచ్చు. మీ అమ్మాయిని ఆకట్టుకున్నది ఇదే అయితే, అది టీవీ మోజు కాదు.

బీఎస్సీ ఫోరెన్సిక్ మీద మాత్రం నాకు గట్టి అనుమానాలున్నాయి. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి వెళ్లాలని నేర విచారణ చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత చెప్పడంతో, కళాశాలల ప్రకటనల్లో ఉద్యోగాలు వర్షంలా కురుస్తున్నాయి. వేలిముద్రలు, విషాలు, చేతిరాత, తుపాకులు తలా కాస్త నేర్చుకుని, పీసీఆర్ (కాస్తంత డీఎన్‌ఏకు యంత్రంలో లక్షల నకళ్లు తీసే పద్ధతి) ఒక్కటీ సొంతంగా చేయని పట్టభద్రులు నా దగ్గరకు వస్తూనే ఉన్నారు. ఎక్కడ చేర్చినా ముందు ఆ యంత్రం చూపించమనండి; దాని మీద కప్పిన గుడ్డకు దుమ్ము పట్టి ఉంటే వెనక్కి వచ్చేయండి.

నా ఓటు జెనెటిక్స్‌కు, దానితోపాటు స్టాటిస్టిక్స్‌కు. ఎమ్మెస్సీలో మనసు మారినా వంశపారంపర్య వ్యాధుల నిర్ధారణ, పరిశోధన వంటి దారులు మూసుకుపోవు. శాస్త్రవేత్త లాల్జీ సింగ్ మన దేశంలో డీఎన్‌ఏ వేలిముద్రల పరీక్షకు పునాది వేసిన సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), ఆ పనికోసమే పెట్టిన సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ వేలిముద్రల, వ్యాధి నిర్ధారణ కేంద్రం) రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి కనుక పిల్ల దూరమైపోతుందన్న దిగులూ అక్కర్లేదు.

బైపీసీలో లెక్కలు వదిలేసింది కాబట్టి మొదట్లో కొంత కష్టపడుతుంది. ఈ సెలవుల్లోనే సంభావ్యత మొదలుపెట్టమనండి. లాంగ్‌టర్మ్ ఫీజు మాత్రం ఆమెతో మాట్లాడేదాకా కట్టకండి.