డాక్టర్ సలహా: పిల్లి ట్రే మానేసి పరుపు తడిపేస్తోంది.. ఏం చేయాలి?

ప్రశ్న: మాది నెల్లూరు వేదాయపాళెంలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. మూడు పిల్లులున్నాయి. ఆరేళ్ల తల్లి, మూడేళ్ల దాని కూతురు, పోయినేడాది తెచ్చుకున్న ఏడాదిన్నర గండుపిల్లి. మొదటి రెండింటికీ ఆపరేషన్ అయింది, గండుపిల్లికి చేయించలేదు. యుటిలిటీలో వాషింగ్ మెషిన్ పక్కన రెండు లిట్టర్ ట్రేలు (మలమూత్రాల కోసం ఇసుకలాంటి లిట్టర్ పోసిన పళ్లేలు) పెట్టాం. రెండు నెలలుగా తల్లి పిల్లి పరుపు మీద, డోర్‌మ్యాట్ మీద మూత్రం పోస్తోంది. ఫినాయిల్‌తో తుడిచినా మళ్లీ అక్కడే పోస్తోంది. తిట్టినా, ముక్కు అక్కడ రుద్దినా మానడం లేదు. గండుపిల్లేమో ఎప్పుడూ యుటిలిటీ గుమ్మంలోనే పడుకుంటుంది. మా కోడలు గర్భవతి కావడంతో ఇంకా భయంగా ఉంది.
- ఓ పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మీరు చివర్లో రాసిన గుమ్మం సంగతే ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యం. యుటిలిటీకి ఉన్నది ఒక్కటే దారి. ఆ దారిలో గండుపిల్లి పడుకుంటే తల్లి పిల్లి దాన్ని దాటి లోపలికి పోదు. ఒకరోజు దూరం నుంచి గమనించండి. తల్లి గుమ్మం దాకా వచ్చి ఆగుతుంది, గండుపిల్లి కళ్లు తిప్పకుండా దానివైపే చూస్తుంది, తల్లి చెవులు వెనక్కి వాల్చి వచ్చిన దారినే మళ్లుతుంది. కొట్లాట ఉండదు, అరుపు ఉండదు కాబట్టి ఇంట్లోవాళ్లకు తెలియదు. ఆపుకోలేక అది మెత్తగా, మీ వాసన ఉన్న పరుపును ఎంచుకుంటుంది. దాన్ని తిట్టకండి, ముక్కు రుద్దకండి. భయం పెరిగితే మూత్రాశయం ఇంకా ఇబ్బంది పెడుతుంది.

అయితే ముందు జబ్బు లేదని తేల్చుకోవాలి. తల్లి పిల్లి మూత్రాన్ని పరీక్ష చేయించండి. మాటిమాటికీ కొద్దికొద్దిగా పోస్తున్నా, ఎర్రగా ఉన్నా మూత్రాశయం వాపు కావచ్చు. నీళ్లు ఎక్కువ తాగుతూ పెద్ద మడుగులు పోస్తుంటే రక్త పరీక్షతో మూత్రపిండాలు, షుగర్ కూడా చూడాలి.

గండుపిల్లి విషయంలో ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అది ట్రేలో కూర్చుని ముక్కుతూ ఉన్నా చుక్క రాకపోతే, అరుస్తున్నా, అక్కడే నాకుతున్నా, వాంతులు చేసుకున్నా మూత్రనాళం మూసుకుపోయిందని అనుమానించాలి. మలబద్ధకమేమోనని నూనె తాగించి తెల్లారేదాకా ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. ఇది ఒకటి రెండు రోజుల్లోనే చంపేయగలదు. పొట్ట నొక్కకండి. నొప్పికని పారాసెటమాల్ అసలు వేయకండి, పిల్లికి అది విషం. ఏ వేళైనా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక ట్రేలు. ఎన్ని పిల్లులుంటే అన్ని, పైన ఇంకొకటి. అంటే మీకు నాలుగు కావాలి. పక్కపక్కన పెట్టినవి ఎన్నున్నా పిల్లి లెక్కలో ఒకటే, ఎందుకంటే కాపలా కాసే పిల్లికి ఒక్క చోట కూర్చుంటే చాలు. ఒకటి యుటిలిటీలోనే ఉంచండి, మిగతావి హాల్లో సోఫా వెనక, తల్లి పడుకునే బెడ్‌రూమ్‌లో, రెండో బెడ్‌రూమ్ మూలన పెట్టండి. తిండి గిన్నెలకు దూరంగా ఉండాలి. ట్రేలో కూర్చున్న పిల్లికి ఎవరొస్తున్నారో కనపడాలి, తప్పుకోవడానికి రెండు వైపులా దారి ఉండాలి. మూత ఉన్న ట్రేలు చూడ్డానికి బావుంటాయి గానీ మీ ఇంటికి పనికిరావు, లోపల పిల్లి ఇరుక్కుపోతుంది. వాషింగ్ మెషిన్ ఉన్నట్టుండి గిర్రున తిరిగితే బెదిరిన పిల్లి మళ్లీ అటు వెళ్లదు. పైగా మన మే నెల ఎండల్లో యుటిలిటీ టైల్స్ మధ్యాహ్నం పూట కాలుతుంటాయి.

షాపుల్లో అమ్మే ట్రేలు చాలావరకు చిన్నవి. పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. 60 సెంటీమీటర్లకు తగ్గని ప్లాస్టిక్ స్టోరేజ్ డబ్బా కొని, ఒక పక్క అంచును 12-15 సెంటీమీటర్ల ఎత్తుకు కోసి, కోసిన చోట గరుకు లేకుండా చేస్తే సరిపోతుంది. లిట్టర్ 5-7 సెంటీమీటర్ల లోతు ఉండాలి. జనం పొరబడేది ఇక్కడే. 60×40 ట్రేలో 5 సెంటీమీటర్ల లోతుకే 12 లీటర్లు పడుతుంది, బెంటోనైట్ (గడ్డకట్టే బంకమట్టి లిట్టర్) అయితే ఇంచుమించు పది కిలోలు. ఐదు కిలోల సంచితో సరిపెడితే మూత్రం అడుక్కి చేరి అంటుకుపోతుంది, కంపు కొడుతుంది. సువాసన లేని, గడ్డకట్టే రకం కొనండి. ఆ పరిమళం మనకోసం, పిల్లికి గిట్టదు. పెన్నా ఇసుక కాళ్లకు మెత్తగా ఉంటుంది గానీ పీల్చుకోదు, రోజూ మొత్తం మార్చాల్సిందే. గడ్డలు పొద్దున, రాత్రి తీసేయండి. రెండు మూడు వారాలకోసారి మొత్తం పారబోసి, ట్రేని మామూలు సబ్బుతో కడిగి ఆరబెట్టండి.

ఫినాయిల్ ఆపేయండి. నల్ల ఫినాయిల్‌లోని ఫినాల్‌ను పిల్లి కాలేయం సరిగా విరగ్గొట్టలేదు. నేల మీద నడిచి పాదాలు నాకితే అది లోపలికే పోతుంది. బ్లీచింగ్ కూడా వద్దు, మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఘాటు వాయువు వస్తుంది. తడి కనపడగానే పాత నూలు గుడ్డతో అద్ది, చన్నీళ్లతో తుడిచి, పెట్ షాపుల్లో దొరికే, మూత్రపు వాసనను విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్ పోయండి. పరుపులోకి మూత్రం ఎంత లోతుకు దిగిందో క్లీనర్ అంత లోతుకు దిగాలి. పైపైన చల్లితే మనకు వాసన పోయినట్టుంటుంది, పిల్లి ముక్కుకు పోదు. అది పూర్తిగా ఆరేదాకా, ఆ తర్వాత కొన్నాళ్లు కూడా పరుపు మీద ప్లాస్టిక్ షీటు వేసి ఉంచండి.

గండుపిల్లికి ఆపరేషన్ చేయించండి. నిజానికి ఐదారు నెలల వయసులోనే చేయించాల్సింది. గోడలకు, కర్టెన్లకు నిలబడి తోక వణికిస్తూ చిమ్మే అలవాటు, ఇల్లంతా తనదే అన్న జులుం చాలావరకు తగ్గుతాయి. హార్మోన్లు దిగడానికి కొన్ని వారాలు పడుతుంది, మర్నాడే మార్పు ఆశించకండి. ఈలోగా తల్లి పిల్లిని పది పదిహేను రోజులు ఒక గదిలో దాని ట్రే, నీళ్లు, తిండి, పడకతో విడిగా ఉంచండి. అది ట్రే సక్రమంగా వాడుతుంటే రోజూ కాసేపు తలుపు తీసి అలవాటు చేయండి. నీళ్ల గిన్నెలు ఇంట్లో మూడు నాలుగు చోట్ల పెట్టండి. నాలుగు కిలోల పిల్లికి తిండిలో ఉన్నదాంతో కలిపి రోజుకు సుమారు 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. ఎండు గింజలు మాత్రమే తినే పిల్లికి అంత నీరు అందదు, ఉప్పు కారం లేకుండా ఉడికించి ముళ్లు తీసిన చేప ముక్కను దాని నీళ్లతోసహా కొంచెం కలపండి.

మీ కోడలి గురించి. పిల్లులను వదిలించుకోవాల్సిన పని లేదు. కడుపులోని బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే క్రిమి పిల్లి మలంలో బయటికొచ్చాక అంటుకునే దశకు రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. అందుకే ట్రేలు రోజూ శుభ్రం చేయాలి, ఆ పని ఆమె చేయకూడదు. తప్పనిసరైతే గ్లవ్స్ వేసుకుని, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లులకు పచ్చి మాంసం పెట్టకండి, వీధిలోకి వదలకండి. ఆమె కూడా సరిగా ఉడకని మాంసం తినకూడదు, పచ్చి కూరగాయలు బాగా కడిగే వాడాలి. ఇంట్లో పిల్లులున్న సంగతి ఆమెను చూసే డాక్టరుకు చెప్పండి, అవసరమనుకుంటే ఆవిడే రక్త పరీక్ష రాస్తారు.