ఇంటర్ చదివే అబ్బాయి ప్రతిదానికీ ఎదురు తిరుగుతుంటే

మీ బాబు ఇంటర్ ఫస్టియర్, ఏదడిగినా విసుక్కుంటాడు, ఇంటికి రాగానే గది తలుపేసుకుంటాడు, ఫోన్ లాక్కుంటే ఇల్లు పీకి పందిరేస్తాడు అని రాశారు. మార్కులు, మాట తీరు కొన్నాళ్లు పక్కన పెట్టండి. ముందు నిద్ర సరిచేయండి. చాలా ఇళ్లలో చిరాకంతా అక్కడే మొదలవుతోంది.

ఈ వయసులో నిద్రొచ్చే వేళే గంటా రెండు గంటలు ఆలస్యమవుతుంది. పదకొండు దాటితే గానీ కునుకు పట్టదు. అది బద్ధకం కాదు, ఒంటి తీరు. వీళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పొద్దున్నే ఏడింటికి కాలేజీ బస్సెక్కాల్సిన పిల్లాడికి ఆరు గంటలు దక్కడమే గగనం. దానికి తోడు ఫోన్. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీ ఇచ్చే ప్యాకుల్లో కొత్త డేటా అర్ధరాత్రి 12కి వస్తుంది. దానికోసమే మేలుకుని కూర్చుంటారు. అందుకే వైఫై ఆపేసినంత మాత్రాన పనవదు, ఫోనే గదిలో ఉండకూడదు.

రాత్రి 10.30కి ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో ఒకేచోట ఛార్జింగ్‌కి పెట్టండి. మీదీ, వాళ్ల నాన్నదీ కూడా. అలారం కావాలంటాడు, ముందే ఒక టేబుల్ గడియారం కొని ఉంచండి. ఈ మాట గొడవ మధ్యలో చెప్పకండి. ఆదివారం భోజనాలయ్యాక చెప్పి సోమవారం మొదలుపెట్టండి. 10.30కా 10.45కా అన్నది వాడినే తేల్చనివ్వండి. ఇప్పుడు ఒంటిగంటకు పడుకుంటుంటే ఒక్కసారిగా పదకొండుకు రాడు, మూడు నాలుగు రోజులకో పావుగంట చొప్పున ముందుకు జరపండి. సెలవు రోజు మామూలు కంటే గంటన్నరకు మించి లేటుగా లేవనిస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఫోన్‌లో ఆన్‌లైన్ ఆట ఆడుతుంటే మధ్యలో మాత్రం లాక్కోవద్దు. మ్యాచ్ ఇరవై, ముప్పై నిమిషాలుంటుంది, అవతల స్నేహితులుంటారు. వాళ్ల ముందు పరువు పోయిందన్న కోపమే మీ మీద చూపిస్తాడు. పదింటికే "ఇదే ఆఖరి మ్యాచ్ నాన్నా" అని చెప్పండి.

ఇదంతా ఎక్కడ చెడుతుందంటే, నాన్న కాదన్నది అమ్మ చాటుగా ఇచ్చేస్తుంది, లేదా నాయనమ్మ జాలిపడి తన ఫోనిస్తుంది. అరగంట అరిస్తే దొరుకుతుందని తెలిసిన పిల్లాడు ఈసారి ముప్పావుగంట అరుస్తాడు. పెద్ద శిక్షలూ నిలవవు. నెల రోజులు బంద్ అంటారు, మూడోరోజు కాలేజీ వాట్సాప్ గ్రూపులో అసైన్‌మెంట్ వస్తుంది, మీరే తీసిస్తారు. మాట తప్పితే మర్నాడు సాయంత్రం ఫోన్ లేదు, అంతే. ఆ మరుసటి రోజుకు లెక్క మాఫీ.

కాలేజీ నుంచి రాగానే "టెస్టులో ఎన్నొచ్చాయి?" అని అడగడం మానేయండి. ఏదో తినడానికి పెట్టి కాసేపు వదిలేయండి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే విచారణలా ఉంటుంది. బండి మీద వెళ్తున్నప్పుడో, బట్టలు మడతపెడుతున్నప్పుడో, ముఖాలు చూసుకోనక్కర్లేనప్పుడే నోరు విప్పుతారు. అప్పుడు "మీ బాబాయి కొడుకుని చూడు" అన్నారా, ఇక వారం మాట్లాడడు.

అరుస్తుంటే "ఇప్పుడు మాట్లాడలేను, అరగంటాగి వస్తా" అని బయటికి రండి. అరగంటకు తప్పకుండా వెళ్లండి. వెళ్లకపోతే వదిలించుకున్నారనుకుంటాడు.

ఇవన్నీ మామూలు పేచీలకు. రెండు వారాలకు పైగా సరిగ్గా తినకపోయినా, ఇష్టమైన ఆటలు, స్నేహితులు కూడా పట్టకపోయినా, ఒంటి మీద కోతలు కనిపించినా, చావు మాటెత్తినా ఇంటి చిట్కాలతో ఆగొద్దు, సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగానే అడగండి. అడిగినందుకు లేని ఆలోచన పుట్టదు. పురుగుమందు, నిద్రమాత్రలు ఉంటే తాళం వేయండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్, దాని నంబర్ 14416 ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, మీరు కూడా చేయొచ్చు. ఫలితాల రోజున ఒంటరిగా వదలకండి. తప్పినా సప్లిమెంటరీ కొద్ది వారాల్లోనే ఉంటుందని ఫలితాలు రాకముందే చెప్పి ఉంచండి.