గుర్రాలకు లాడాలు కొట్టే పని నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రెండు విషయాలు అడిగారు. లాడం కొట్టేటప్పుడు గుర్రానికి నొప్పి పుడుతుందా అన్నది ఒకటి, దీన్నే కెరీర్‌గా పెట్టుకుంటే ఎన్ని నెలల్లో పని చేతికొస్తుంది అన్నది రెండోది. నేను ఒక ఉస్తాద్ దగ్గర చేరి ఈ పని నేర్చుకున్నాను, ఇప్పటికీ ఇదే నా బతుకుతెరువు, కాబట్టి సూటిగానే చెప్తాను. మేకు కొట్టడం త్వరగానే వచ్చేస్తుంది. గిట్టను చూసి అది ఏం చెబుతోందో పట్టుకోవడానికి మాత్రం ఏళ్లు పడుతుంది, మిమ్మల్ని మళ్లీ పిలిచేది ఆ రెండో దాని కోసమే.

ముందు నొప్పి సంగతి. గిట్ట బయటి గోడ మన గోళ్లలాగే కెరాటిన్‌తో తయారైంది, అందులో నరం ఉండదు, రక్తం ఉండదు. దాని లోపల మాత్రం ప్రాణమున్న మెత్తటి కండ ఉంటుంది, ఈ రెంటికీ మధ్య దూరం చాలా తక్కువ. కాలు ఎత్తి అడుగున శుభ్రంగా చెక్కి చూస్తే గోడకూ అరికాలికీ మధ్య లేత పసుపు రంగులో సన్నటి గీత కనిపిస్తుంది, దాన్నే వైట్ లైన్ అంటారు. మేకు ఆ గీత మీద గానీ దానికి బయట గానీ దిగాలి, లోపలికి మాత్రం పోకూడదు. లాడం మేకులు మామూలు మేకుల్లా ఉండవు, మొన దగ్గర ఒక పక్క ఏటవాలుగా చెక్కి ఉంటాయి. ఆ పక్కను గిట్ట లోపలి వైపుకు పెట్టి కొడితే మేకు తనంతట తానే వంపు తిరిగి గోడ మీదకు బయటికొస్తుంది. తిప్పి పెట్టారో, నేరుగా కండలోకే. అందుకే మేకు తల మీద ఒక పక్క గుర్తు వేసి ఉంటుంది, చూడకుండానే వేలితో తడిమి తెలుసుకునేంత అలవాటు కావాలి. చప్పుడు కూడా వినాలి: గట్టి గోడలో దిగే మేకు దెబ్బదెబ్బకీ ఖంగుమంటుంది, మెత్తగా మూగగా వినిపిస్తే ఆపి పీకేయాలి. మొన బయటికి రాగానే మెలితిప్పి తుంచేయండి, ఆ క్షణంలో గుర్రం కాలు లాక్కుందంటే చీరుకుపోయేది మీ తొడే. ఒక్కోసారి మేకు కండను తాకదు కానీ పక్కనుంచి ఒత్తుతూ ఉంటుంది, ఆ రోజు బాగానే నడిచిన గుర్రం ఒకట్రెండు రోజుల తర్వాత కుంటుతుంది. అలాంటప్పుడు యజమాని ఫోన్ చేస్తే వాదించకుండా వెళ్లి ఆ మేకు తీయాలి.

ఎర్రగా కాల్చిన లాడం పెడితే పొగొస్తుంది కదా, కాలదా అని చాలామంది కంగారు పడతారు. గిట్ట గోడ వేడిని తొందరగా లోపలికి పోనివ్వదు, పైగా లాడం ఆనించేది కొన్ని సెకన్లే. వాసన మాత్రం భరించాలి.

ఇక అసలు పని. గిట్ట నెలకు సుమారు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. లాడం ఉన్న గిట్ట నేలకు రాసుకుని అరగదు, అందుకే 6 నుంచి 8 వారాలకోసారి లాడం విప్పి, పెరిగినదాన్ని కత్తిరించి, మళ్లీ కొట్టాలి. 'లాడం ఇంకా గట్టిగానే ఉంది కదా, ఇప్పుడెందుకు' అని యజమానులు అంటారు, నాకు ఒళ్లు మండే మాట ఇదే. అరిగింది ఇనుమా కాదా అన్నది కాదండీ ప్రశ్న, కింద గిట్ట ముందుకు సాగిపోతోంది, మడమలు వాలిపోతున్నాయి, కాలి వెనక నరాల్లాంటి గట్టి పట్టీలు ఉంటాయి కదా, టెండన్లు, వాటి మీద లాగుడు పెరుగుతోంది.

మా ఉస్తాద్ చాలాకాలం నా చేతికి సుత్తే ఇవ్వలేదు. గుర్రాన్ని చదునైన నేల మీద నిలబెట్టి పక్క నుంచి చూడమనేవారు, తర్వాత నడిపించి చూడమనేవారు. గిట్ట ముందు వాలు, దాని పైనున్న ఎముక వాలు ఒకే గీతలో ఉన్నాయా? అడుగు వేసేటప్పుడు ముందుగా ఏ పక్క నేలను తాకుతోంది? విప్పిన పాత లాడం ఏ వైపు ఎక్కువ అరిగింది? ఇవన్నీ చూశాకే కాలు ఎత్తేది. అప్పట్లో విసుగొచ్చేది గానీ, ఇప్పుడు నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లకు నేనూ అదే చెప్తున్నాను.

జబ్బుల్లో రోజూ ఎదురయ్యేది ఫ్రాగ్ కుళ్లడం. గిట్ట అడుగున మధ్యలో వి ఆకారంలో ఉండే మెత్తటి భాగాన్ని ఫ్రాగ్ అంటారు, దాని పక్క గాడుల్లో నల్లగా జిగురుగా ఉండి ముక్కు మూసుకునేంత కంపు కొడితే అదే. తడి, పేడ నిండిన నేలే ఎక్కువగా కారణం. గిట్ట శుభ్రం చేసేటప్పుడు కొక్కెం మడమ నుంచి ముందుకు లాగాలి, లేకపోతే ఫ్రాగ్‌కు గుచ్చుకుంటుంది. ముందు కాళ్ల మీద బరువు వేయలేక వెనక్కి వాలి నిలబడితే, గిట్టలు వేడిగా ఉండి, మడమ పైన నాడి గట్టిగా కొట్టుకుంటుంటే అది లామినైటిస్ కావచ్చు, అంటే గిట్ట గోడ లోపలి మెత్తటి కండ వాచే జబ్బు. బాగా కొవ్వు పట్టిన గుర్రాలకూ, దాణా డబ్బాలో తల దూర్చి కడుపునిండా తిన్నవాటికీ ఎక్కువగా వస్తుంది. అక్కడ మనం మొనగాళ్లం కాకూడదు, వెంటనే పశువైద్యుణ్ణి పిలిపించాలి, ఎక్స్‌రే చూశాకే ఆయనతో కలిసి గిట్ట పని చేయాలి.

శిక్షణ గురించి. నియమాలు దేశాన్ని బట్టి మారతాయి. బ్రిటన్‌లో 1975 నాటి చట్టం ప్రకారం రిజిస్టర్ చేసుకున్నవాళ్లే ఈ పని చేయాలి, అందుకు శిక్షణ ఇచ్చే అనుమతి ఉన్న ఫారియర్ (లాడాలు కొట్టే పనివాడు) దగ్గర దాదాపు నాలుగేళ్లు అప్రెంటిస్‌గా ఉంటూ మధ్యమధ్యలో కాలేజీకి వెళ్లాలి. అమెరికాలో అలాంటి లైసెన్స్ అక్కర్లేదు, అమెరికన్ ఫారియర్స్ అసోసియేషన్ పెట్టే పరీక్షలు ఇష్టమైతే రాసుకోవచ్చు, కొన్ని వారాల కోర్సులూ ఉన్నాయి. నా అభిప్రాయం అడిగితే, వారాల కోర్సు తప్పు కాదు గానీ అది పూర్తయిన మర్నాడే బోర్డు పెట్టేయడం మాత్రం గుర్రాల మీద ప్రయోగమే. ఆ తర్వాత అనుభవమున్న వ్యక్తి వెంట తిరగండి. గుర్రాన్ని పట్టుకోవడం, పాత లాడాలు విప్పడం, ఆకురాయి పట్టడం, చనిపోయిన గుర్రాల కాళ్ల మీద కత్తిరింపు, ఆ తర్వాతే మేకులు. కొలిమి, దాగలి పని ఇనుప కడ్డీలతో విడిగా ఎంతైనా సాధన చేసుకోవచ్చు, దానికి గుర్రం అక్కర్లేదు. లాడాలు లేని గుర్రాలకూ కత్తిరింపు కావాలి కాబట్టి అది బాగా వస్తే పనికి లోటుండదు.

నడుం గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తున్నా. రోజంతా వంగే ఉంటారు. గుర్రం బరువు మీరు మోయకూడదు, మిగతా మూడు కాళ్ల మీద అది స్థిరంగా నిలబడేలా చూసుకోవాలి. ముసలి గుర్రాల కాలు ఎక్కువ ఎత్తకండి, కీళ్లు నొప్పి పెట్టి లాక్కుంటాయి, జనమేమో పొగరనుకుంటారు. టెటనస్ ఇంజెక్షన్ వేయించుకోండి. ఎక్కువమంది సొంతంగానే చేసుకుంటారు, దెబ్బ తగిలి మంచాన పడితే ఆ రోజులకు ఆదాయం ఉండదు, ఆ లెక్క ముందే వేసుకోండి.

దాగలి, కొలిమి ఇప్పుడే కొనేయకండి. ఒక కొక్కెం, తోలు ఏప్రాన్, ఎవరో వాడేసిన ఆకురాయి ఒకటి చాలు. మీ దగ్గర్లో పనిచేసే ఒకాయన్ను అడిగి, గుర్రాలు పట్టుకోవడానికి కొన్నాళ్లు వెళ్లండి. ఆయన కాలు కింద పెట్టేటప్పుడు వదిలేసి పడేస్తున్నారా, చేత్తో దించుతున్నారా చూడండి, పడేసేవారైతే ఇంకొకర్ని వెతుక్కోండి.